చిత్రానికి కొలతనిచ్చే నక్షత్ర పట్టిక

దూరదర్శినికి అమర్చిన కెమెరా నక్షత్రాన్ని చిత్రించినప్పుడు అందులో నమోదయ్యేది ఆ నక్షత్రపు ప్రకాశం కాదు. కాంతి పడినందువల్ల సెన్సార్‌లోని ఒక్కొక్క పిక్సెల్‌లో పోగైన విద్యుదావేశాన్ని కెమెరా ఒక సంఖ్యగా మార్చి చూపుతుంది, అంతవరకే దాని పని. ఆ సంఖ్య అద్దం వ్యాసాన్ని బట్టి, ఎక్స్‌పోజర్ సమయాన్ని బట్టి, సెన్సార్ ముందున్న ఫిల్టరును బట్టి, ఆ వేళ గాలిలో ఉన్న తేమనూ ధూళినీ బట్టి మారిపోతుంది. ఒకే నక్షత్రాన్ని ఒకే రాత్రి అనంతపురంలో ఒకరూ వరంగల్‌లో మరొకరూ చిత్రిస్తే, ఒకరి చిత్రంలో దాని లెక్క 80,000గానూ ఇంకొకరి చిత్రంలో 12,000గానూ రావచ్చు; ఈ రెండింటిలో ఏదీ తప్పు కాదు, కానీ ఏదీ నక్షత్రాన్ని గురించి నేరుగా చెప్పేదీ కాదు.

ఈ లెక్కను లోకమంతా అంగీకరించే ప్రకాశ విలువగా మార్చే పనిని క్రమాంకనం అంటారు. అందుకు దారి ఆ చిత్రంలోనే ఉంది: కొలవదలచిన నక్షత్రం చుట్టూ అదే చిత్రంలో పడిన ఇతర నక్షత్రాలలో కొన్నింటి ప్రకాశాన్ని ఎవరో ముందే జాగ్రత్తగా కొలిచి పట్టికకెక్కించి ఉంటారు. ఆ పట్టికను చిత్రాలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌లోకి దించుకొని, తెలిసిన నక్షత్రాలతో తెలియని నక్షత్రాన్ని పోల్చడమే క్రమాంకనం. కంసాలి త్రాసులో బంగారం ఎంత తూగిందన్నది రెండో పళ్ళెంలోని తూకపురాయి నిజాయితీ మీద ఆధారపడినట్లే, చిత్రం నుంచి తీసిన ప్రకాశ విలువ ఎంతవరకు నమ్మదగినదన్నది పట్టిక మీద ఆధారపడుతుంది. దూరదర్శినికీ కెమెరాకూ లక్షలు వెచ్చించినవారు సైతం పట్టికను దించుకునే ఘట్టాన్ని ఒక మీట నొక్కి దాటేయడం తరచుగా జరుగుతుంది. కొలతలో పెద్ద తప్పులు చొరబడేది మాత్రం ఎక్కువగా అక్కడే.

నక్షత్రాల ప్రకాశాన్ని తరగతులుగా విభజించే ఆచారం చాలా పాతది. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దికి చెందిన గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ పేరుతో ముడిపడి, తరువాత టాలెమీ గ్రంథంలో స్థిరపడిన పద్ధతిలో అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రాలు మొదటి తరగతివి, కంటికి ఆనీ ఆననట్లుండేవి ఆరవ తరగతివి. మాగ్నిట్యూడ్ అని నేడు పిలిచే ఈ కొలమానంలో సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుందన్న విషయాన్ని కొత్త పాఠకులు గుర్తుంచుకోవాలి. అయిదు తరగతుల తేడా అంటే వెలుగులో సరిగ్గా నూరు రెట్ల తేడా అని, కాబట్టి ఒక్కొక్క తరగతికీ మధ్య సుమారు 2.512 రెట్ల తేడా ఉంటుందని 1856లో ప్రతిపాదించి ఆ పాత అంచనాకు గణిత రూపమిచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన నార్మన్ పాగ్సన్. ఆయన 1861లో మద్రాసు ప్రభుత్వ వేధశాలకు వచ్చి 1891లో మరణించేవరకు అక్కడే పనిచేశాడు. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే చర నక్షత్రాన్ని, అంటే కాలక్రమంలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాన్ని గుర్తించాడు. నేడు ప్రపంచంలోని ప్రతి చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్న మాగ్నిట్యూడ్ సూత్రం పాగ్సన్ ఇచ్చినదే.

పట్టికల చరిత్రలో హైదరాబాదుకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీద చిత్రించి నక్షత్రాల స్థానాలను కొలవాలని 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు నిర్ణయించి, ఆకాశాన్ని పట్టీలుగా విభజించి వేర్వేరు దేశాల వేధశాలలకు పంచారు. నవాబ్ జఫర్ జంగ్ చొరవతో ఏర్పడిన నిజామియా వేధశాల 8 అంగుళాల ఫొటో దూరదర్శినితో ఆ మహాకార్యంలో చేరి, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకున్న పట్టీని పూర్తి చేసి, ఆ పైన ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల వరకున్న పట్టీలో కూడా పనిచేసింది. గాజు పలకల మీద చుక్కలను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా కొలిచి, అంకెలను చేతితో రాసి, సంపుటాలుగా అచ్చువేసిన ఆ శ్రమ వృథా కాలేదు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలోని సుమారు 25 లక్షల నక్షత్రాలు ఆకాశంలో ఏ దిక్కుకు ఎంత వేగంతో జరుగుతున్నాయో లెక్కగట్టడానికి, హిప్పార్కోస్ ఉపగ్రహం తీసిన కొలతలను ముఖ్యంగా ఈ పాత ఫొటో పలకల కొలతలతో పోల్చారు. కంప్యూటర్ తెర మీద టైకో-2 పట్టికను తెరిచిన ప్రతివారూ, తెలిసినా తెలియకపోయినా, హైదరాబాదులో ఒకనాడు కొలిచిన అంకెల ఫలితాన్ని వాడుకుంటున్నట్లే.

నేటి పట్టికలలో ప్రతిదానికీ ఒక పరిధి ఉంది. అమెరికన్ ఖగోళవేత్త ఆర్లో లాండోల్ట్ ఖగోళ మధ్యరేఖ వెంట ఎంచుకున్న నక్షత్రాలను ఏళ్ళ తరబడి కొలిచి 1992లో ప్రకటించిన పట్టికలో నక్షత్రాలు కొన్ని వందలే అయినా, వాటి కచ్చితత్వం కారణంగా తక్కిన పట్టికలకు అది ప్రమాణంగా నిలిచింది. చర నక్షత్రాల పరిశీలకులకోసం 1911లో ఏర్పడిన అమెరికన్ సంఘం ఆవ్సో తయారుచేసిన ఆపాస్ పట్టిక సుమారు 10 నుంచి 17వ మాగ్నిట్యూడ్ వరకున్న నక్షత్రాలను ఆకాశమంతటా అయిదు రంగుల ఫిల్టర్లలో కొలిచింది కనుక చిన్న దూరదర్శినులవారికి అది చక్కగా సరిపోతుంది. హవాయి దీవుల నుంచి పనిచేసిన పాన్‌స్టార్స్ దూరదర్శిని మరింత మసక నక్షత్రాలను అందుకున్నప్పటికీ, అది చూసింది దక్షిణాన 30 డిగ్రీల వరకే. సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న తెలుగు నేల నుంచి అంతకన్నా చాలా దక్షిణపు నక్షత్రాలు కూడా కనిపిస్తాయి కాబట్టి, అటువైపు చిత్రాలకు ఆస్ట్రేలియా నుంచి రూపొందిన స్కైమాపర్ వంటి మరో పట్టిక అవసరమవుతుంది. వీటన్నిటికన్నా విస్తృతమైనది యూరప్ అంతరిక్ష సంస్థ 2013లో ప్రయోగించిన గయా ఉపగ్రహపు పట్టిక. 2022 జూన్‌లో వెలువడిన దాని మూడవ విడుదలలో సుమారు 180 కోట్ల నక్షత్రాలున్నాయి. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ సమాచార కేంద్రం నడిపే విజియర్ సేవ ద్వారా ఇటువంటి వేలాది పట్టికలను ఎవరైనా ఉచితంగా పొందవచ్చు.

పట్టికను దించుకునే ముందు చిత్రాన్ని సిద్ధం చేయాలి. చీకట్లో సెన్సార్ తనంతట తాను పుట్టించే సంకేతాన్ని తీసివేయడానికి మూత పెట్టి తీసిన చిత్రాలనూ, అంచుల్లో వెలుగు తగ్గడాన్నీ ధూళి మచ్చలనూ సరిచేయడానికి సమానంగా వెలిగే తెల్లని తలాన్ని తీసిన చిత్రాలనూ వాడతారు. వీటిని అభ్యాసకులు డార్క్, ఫ్లాట్ అని పిలుస్తారు. తరువాత చిత్రం ఆకాశంలో ఏ భాగానిదో సాఫ్ట్‌వేర్ కనిపెట్టాలి. చుక్కల మధ్య ఏర్పడే త్రిభుజాల, చతుర్భుజాల ఆకృతులను తన సూచికతో సరిపోల్చి, ప్రతి పిక్సెల్‌కూ ఆకాశంలోని చిరునామాను అంటగట్టే ఈ ప్రక్రియను ప్లేట్ సాల్వింగ్ అంటారు. ఈ చిరునామాలు ఫిట్స్ అనే ఫైలు తలకట్టులో నమోదవుతాయి. ఖగోళ చిత్రాలకోసమే రూపొంది 1981 నుంచి వాడుకలో ఉన్న ఆ ఫైలు రకం అంకెలను మార్చకుండా దాస్తుంది. ఫోన్లలో వాడే జేపెగ్ చిత్రం కంటికి ఇంపుగా ఉండడానికి వెలుగు నిష్పత్తులను మార్చేస్తుంది కనుక దానితో కొలతలు తీయకూడదు.

చిత్రం చిరునామా తెలిశాక, ఆ కేంద్రం చుట్టూ ఇంత వ్యాసార్ధంలో, ఇన్ని మాగ్నిట్యూడ్‌ల మధ్య ఉన్న నక్షత్రాలను ఇమ్మని సాఫ్ట్‌వేర్ పట్టికను అడుగుతుంది. ఉచితంగా లభించే సిరిల్, ఆస్టాప్, ఆస్ట్రోఇమేజ్‌జె మొదలుకొని ధర పెట్టి కొనే పిక్స్‌ఇన్‌సైట్ వరకు సాఫ్ట్‌వేర్‌లు ఎన్నో ఉన్నాయి. కొన్ని ఇంటర్నెట్ ద్వారా అడుగుతాయి, కొన్ని కంప్యూటర్‌లో ముందే దాచుకున్న ప్రతిని వాడతాయి. మీట నొక్కితే జరిగిపోయే పని అయినంతకాలం ఫైలు చదవడంలో చిక్కు లేదు. పరిశీలకుడు తనకు కావలసిన పట్టికను తానే ఫైలుగా తెచ్చుకొని సాఫ్ట్‌వేర్‌కు అందించవలసి వచ్చినప్పుడు మాత్రం ఏ నిలువు వరుసలో ఏముందో, ఏ ప్రమాణంలో ఉందో విడమరచి చెప్పాల్సి ఉంటుంది.

ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని తెలిపే విషువాంశను కొన్ని పట్టికలు గంటలలోనూ, మరికొన్ని డిగ్రీలలోనూ ఇస్తాయి. ఒక గంట 15 డిగ్రీలకు సమానం కాబట్టి, 10 గంటలని పట్టిక చెప్పినదాన్ని సాఫ్ట్‌వేర్ 10 డిగ్రీలుగా చదివితే నక్షత్రం 140 డిగ్రీల దూరంలో పడుతుంది. ఒక్కటీ సరిపోలదు గనుక ఈ తప్పు వెంటనే బయటపడుతుంది. ఉత్తర దక్షిణాల స్థానమైన క్రాంతి విషయంలో జరిగే తప్పు ఇంతకన్నా మోసకరమైనది. ఖగోళ మధ్యరేఖకు అర డిగ్రీ దక్షిణాన ఉన్న నక్షత్రపు క్రాంతిని రుణ సున్నా డిగ్రీల 30 నిమిషాలని రాస్తారు. డిగ్రీలను విడిగా ఒక సంఖ్యగా చదివే ప్రోగ్రామ్‌కు రుణ సున్నా, ధన సున్నా ఒకటే కనుక గుర్తు మాయమై, నక్షత్రం ఒక డిగ్రీ ఉత్తరానికి జరిగిపోతుంది. ఆ రేఖకు కాస్త దూరంగా ఉన్న నక్షత్రాలన్నీ సరిగ్గానే వస్తాయి కాబట్టి పట్టిక మొత్తం బాగున్నట్లే కనిపిస్తుంది. లాండోల్ట్ ఎంచుకున్న ప్రమాణ నక్షత్రాలు అనేకం ఆ మధ్యరేఖ చుట్టూనే ఉండడంతో ఈ చిన్న లోపం సరిగ్గా అత్యంత విలువైన నక్షత్రాల దగ్గరే దెబ్బతీస్తుంది.

పట్టికను మధ్యలో ఎక్సెల్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి దాచే అలవాటు కూడా ప్రమాదకరమే. గయా పట్టికలోని చాలా నక్షత్రాల గుర్తింపు సంఖ్యలో 19 వరకు అంకెలుంటాయి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే నిలుపుకొని మిగిలినవాటిని సున్నాలుగా మారుస్తుంది కాబట్టి, ఒకసారి తెరిచి దాచిన ఫైలులోని గుర్తింపు సంఖ్యలు ఇక ఏ నక్షత్రానికీ చెందవు. ఆ నిలువు వరుసను సంఖ్యగా కాక అక్షరాలుగా దించుకోమని ముందే చెప్పడం దీనికి పరిష్కారం. కొలత లేని చోట కొన్ని పాత పట్టికలు 99.99 వంటి అంకెను నింపుతాయి; దాన్ని నిజమైన మాగ్నిట్యూడ్‌గా సాఫ్ట్‌వేర్ తీసుకుంటే సగటు మొత్తం తలకిందులవుతుంది. నక్షత్రాల కదలికను కూడా విస్మరించకూడదు. గయా మూడవ విడుదలలోని స్థానాలు 2016 నాటివి. అత్యధిక నక్షత్రాలకు ఈ తేడా లెక్కలోకి రాదు గానీ, ఏటా 10 ఆర్క్‌సెకన్లకు మించి కదిలే బర్నార్డ్ నక్షత్రం వంటిది పదేళ్ళలో నూరు ఆర్క్‌సెకన్లు దాటి జరిగిపోతుంది. డిగ్రీలో 3,600వ వంతయిన ఆర్క్‌సెకను ప్రమాణంలో సాఫ్ట్‌వేర్ రెండు మూడింటి లోపలే జోడీని వెతుకుతుంది కనుక అటువంటి నక్షత్రం దానికి దొరకదు, లేదా వేరొక నక్షత్రంతో జోడీ కుదురుతుంది.

జోడీలు సరిగ్గా కుదిరాక లెక్క సులువైనదే. నక్షత్రం చుట్టూ ఒక చిన్న వృత్తం గీసి అందులోని పిక్సెల్‌ల విలువలన్నీ కూడి, దాని వెలుపల గీసిన వలయం నుంచి ఆకాశపు నేపథ్య వెలుగును అంచనా వేసి తీసివేస్తే, నక్షత్రానికే చెందిన లెక్క మిగులుతుంది. ఆ లెక్క సంవర్గమానాన్ని, అంటే లాగ్‌ను, రుణ 2.5తో గుణిస్తే వచ్చేది యంత్ర మాగ్నిట్యూడ్. పట్టికలో 12.30 మాగ్నిట్యూడ్ ఉన్న పోలిక నక్షత్రానికి చిత్రంలో 1,00,000 లెక్క వచ్చిందనుకుంటే, దాని యంత్ర మాగ్నిట్యూడ్ రుణ 12.50, ఈ రెండింటి మధ్య తేడా అయిన 24.80ని జీరో పాయింట్ అంటారు. అదే చిత్రంలో 10,000 లెక్క వచ్చిన తెలియని నక్షత్రపు యంత్ర మాగ్నిట్యూడ్ రుణ 10.00 కనుక, జీరో పాయింట్‌ను కలిపితే దాని నిజమైన మాగ్నిట్యూడ్ 14.80 అని తేలుతుంది. గాలి పొరలు, అద్దం, ఎక్స్‌పోజర్ రెండింటికీ ఒకటే కావడంతో వాటి ప్రభావం చాలావరకు ఇందులోనే రద్దవుతుంది.

ఒక్క పోలిక నక్షత్రంతో సరిపెట్టుకోవడం మాత్రం తగదు. అయిదు నక్షత్రాల నుంచి వచ్చిన జీరో పాయింట్‌లు 24.80, 24.78, 24.83, 24.79, 24.31 అయితే వాటి సగటు 24.70 అవుతుంది, వరుసలో పేర్చి నడిమి విలువను తీసుకుంటే 24.79 వస్తుంది. ఈ తేడా చిన్నదిగా కనిపించినా వెలుగులో అది దాదాపు 8 శాతం. వింతగా నిలిచిన 24.31ను సాఫ్ట్‌వేర్ తనంతట తాను కొట్టివేయగలదు. అయినా అది ఎందుకలా వచ్చిందో ఒకసారి చూడడం శ్రద్ధగల పరిశీలకుడి లక్షణం. ఆ నక్షత్రం మరీ ప్రకాశవంతమైనదై సెన్సార్‌లో పిక్సెల్‌లు నిండిపోయి కొంత వెలుగు లెక్కకు రాకపోయి ఉండవచ్చు. పట్టిక తయారైన దూరదర్శినికి పక్కపక్కనున్న రెండు నక్షత్రాలు ఒకటిగా కనిపించి, రెండింటి వెలుగూ ఒకే పేరున నమోదై ఉండవచ్చు. లేదా అది చర నక్షత్రమై, చిత్రం తీసిన రాత్రి మసకబారి ఉండవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది రంగు. ఏ పట్టికలోని మాగ్నిట్యూడ్ అయినా ఏదో ఒక ఫిల్టరు గుండా చూసినదే. 1953లో జాన్సన్, మోర్గన్ స్థిరపరచిన పద్ధతిలో వి అనే ఫిల్టరు పచ్చని, పసుపు పచ్చని కాంతిని పంపుతుంది; గయా ప్రధాన కొలతైన జి మాత్రం నీలం నుంచి పరారుణం అంచు దాకా దాదాపు మొత్తం కాంతిని కలుపుకొంటుంది. సూర్యుని వంటి నక్షత్రానికి ఈ రెండు మాగ్నిట్యూడ్‌ల తేడా సుమారు 0.15 మాత్రమే, బాగా ఎర్రని నక్షత్రానికి అది ఒక మాగ్నిట్యూడ్‌ను దాటిపోతుంది. వి ఫిల్టరుతో తీసిన చిత్రానికి గయా జి నిలువు వరుసను నేరుగా దించుకుంటే నీలి నక్షత్రాలు ఒక వైపుకూ ఎర్రనివి మరో వైపుకూ ఒరిగిపోతాయి. గయా బృందం రెండు పద్ధతుల మధ్య మార్పిడి సూత్రాలను ప్రకటించింది కనుక వాటితో మార్చుకోవాలి, లేదా వి కొలతలే ఉన్న ఆపాస్‌ను వాడాలి. పట్టికలో పెద్ద జి, చిన్న జి అనే పేర్లతో వేర్వేరు ఫిల్టర్లుండడం, కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పేరులోని అక్షరం పెద్దదో చిన్నదో పట్టించుకోకపోవడం మరో చిక్కు. సరైన ఫిల్టరు వాడినా ఒక పరికరానికీ మరో పరికరానికీ కొద్దిపాటి రంగు తేడా మిగులుతుంది. పోలిక నక్షత్రాల రంగును అడ్డు అక్షం మీద, వాటి జీరో పాయింట్‌లను నిలువు అక్షం మీద పెట్టి గ్రాఫ్ గీస్తే వచ్చే వాలు ఆ తేడాను చూపుతుంది. ఆ గ్రాఫ్ గీయకుండా ప్రకటించిన మాగ్నిట్యూడ్‌లో రెండో దశాంశాన్ని నమ్మడానికి ఆధారం లేదు.

అందమైన చిత్రాలు తీసేవారికి కూడా ఈ పట్టికలే ఆధారమవుతున్నాయి. నీహారికల, గెలాక్సీల చిత్రాలలో రంగులను కంటి అంచనాతో దిద్దే పాత పద్ధతి స్థానంలో, గయా నమోదు చేసిన సుమారు 22 కోట్ల నక్షత్రాల వర్ణపటాలతో చిత్రంలోని ఎరుపు, పచ్చ, నీలం లెక్కలను సరిపోల్చి రంగులను సరిచేసే పద్ధతి పిక్స్‌ఇన్‌సైట్, సిరిల్ రెండింటిలోనూ స్థిరపడింది.

ఇంత శ్రద్ధ ఎందుకు అవసరమో 2023 నాటి సూపర్‌నోవా స్పష్టంగా చూపింది. జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి ఆ ఏడాది మే 19న ఎం-101 గెలాక్సీలో గుర్తించిన ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్ అనే ఆ పేలిన నక్షత్రం కొద్ది రోజుల్లోనే సుమారు 11వ మాగ్నిట్యూడ్‌కు చేరి చిన్న దూరదర్శినులకు కూడా అందింది. ఏ ఒక్క వేధశాలకూ రాత్రి ఇరవై నాలుగు గంటలుండదు. మేఘాలు, పగలు, చంద్రుడు అడ్డుపడే విరామాలను వేర్వేరు దేశాల పరిశీలకుల కొలతలే పూరించాలి. ఒకరు ఆపాస్ వి, మరొకరు మార్పిడి చేయని గయా జి వాడి ఆ సంగతి రాయకపోతే, వారి కొలతల మధ్య కనిపించే ఎత్తుపల్లాలు నక్షత్రానివో పట్టికలవో తరువాత ఎవరూ తేల్చలేరు. ఆవ్సోకు కొలతలు పంపే పత్రంలో తేదీ, మాగ్నిట్యూడ్, ఫిల్టరులతో పాటు పోలిక నక్షత్రపు పేరునూ, దాని లెక్కనూ, సరిచూపుకు వాడిన మరో నక్షత్రాన్నీ, వాడిన పటం గుర్తింపునూ రాయడానికి గడులుండడం ఇందుకే.

తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో చిన్న దూరదర్శిని, ఒక సాధారణ కెమెరా ఉన్న విద్యార్థులు కూడా నేడు ఉపయోగపడే కొలతలు తీయగలరు; సాఫ్ట్‌వేర్ ఉచితం, పట్టికలు ఉచితం. వారు చేయవలసినదల్లా దిద్దని మూల చిత్రాలను ఫిట్స్ రూపంలో భద్రపరచి, వాటి పక్కనే పట్టిక పేరు, ఎన్నవ విడుదల, ఏ ఫిల్టరు నిలువు వరుస, ఏ పోలిక నక్షత్రాలు, ఎంత జీరో పాయింట్ అన్న వివరాలను ఒక చిన్న ఫైలులో రాసి పెట్టడం. మెరుగైన పట్టిక వచ్చినప్పుడు అదే చిత్రాన్ని మళ్ళీ కొలవవచ్చు. ఏ పట్టికతో వచ్చిందో రాయని మాగ్నిట్యూడ్‌ను మాత్రం సరిదిద్దే మార్గం లేదు.